ఎండలో కనిపించే తెర: న్యాల్‌కల్ పొలాలలో ఎలక్ట్రానిక్ పరికరాల ఎంపిక, వాడకం

సారాంశం

పంట నమోదు, తేమ కొలత, వాతావరణ సమాచారం నేడు చాలావరకు ఎలక్ట్రానిక్ తెరల మీదనే ఆధారపడి ఉన్నాయి. గదిలో స్పష్టంగా కనిపించే తెర మధ్యాహ్నపు పొలంలో చదవరానిదవుతుంది. దీనికి పరిష్కారం తెర కాంతిని పెంచడమేనన్న అభిప్రాయం సగమే సత్యం. తెర నుండి తిరిగి వచ్చే పరావర్తన కాంతిని తగ్గించడం అంతకంటె ముఖ్యం. న్యాల్‌కల్ మండల పరిస్థితులను ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసం ఆ సూత్రాన్ని, పరికరాల ఎంపికలో విస్తరణ శాస్త్రవేత్తలు గమనించవలసిన అంశాలను వివరిస్తుంది.

పరిచయం

సంగారెడ్డి జిల్లాలో జహీరాబాద్‌కు ఉత్తరాన, కర్ణాటకలోని బీదర్ జిల్లాకు ఆనుకొని న్యాల్‌కల్ మండలం ఉంది. ఇక్కడి నల్లరేగడి నేలల్లో పత్తి, కంది, సోయాబీన్, యాసంగిలో జొన్న, శనగ సాగవుతాయి. వేసవిలో తీవ్రమైన ఎండ, శీతాకాలపు కొన్ని రాత్రులలో పది డిగ్రీల లోపు చలి, వానాకాలంలో జిగురుమట్టి, కోతల వేళ సన్నని ధూళి – ఒకే పరికరం ఏడాది పొడవునా వీటన్నింటినీ ఎదుర్కొనవలసి ఉంటుంది.

ఈ అక్షాంశంలో సూర్యుడు ఏటా రెండుసార్లు నడినెత్తికి వస్తాడు: మే రెండవ వారంలో ఒకసారి, ఆగస్టు తొలి రోజులలో మరొకసారి. రెండవ సందర్భం వానాకాలపు పంటల నమోదు సాగే కాలం. తెలంగాణలో సుమారు ఐదు వేల ఎకరాలకు ఒక క్లస్టరు చొప్పున నియమితులైన వ్యవసాయ విస్తరణ అధికారులు పొలానికి వెళ్లి సర్వే నంబరు, పంట, విస్తీర్ణం నమోదు చేస్తారు. మబ్బు విడిచిన ఆగస్టు మధ్యాహ్నం వెలవెలబోయిన తెరపై ఒక సర్వే నంబరుకు బదులు పక్క నంబరును తాకితే కంది నమోదు కావలసిన చోట సోయాబీన్ నమోదు కావచ్చు. ఆ తప్పు కొనుగోలు కేంద్రం వద్దనే బయటపడుతుంది. అప్పటికి పొలంలో పంట ఉండదు, సరిచూసుకొనే ఆధారం కూడా ఉండదు. కావున తెర స్పష్టత సౌకర్యానికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, రైతు ఆదాయానికి సంబంధించినది.

ఎండలో తెర ఎందుకు వెలవెలబోతుంది?

తెర వెలుగును నిట్లలో, ఒక తలంపై పడే కాంతిని లక్స్‌లలో కొలుస్తారు. నిర్మలమైన మధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్స్. సాధారణ ట్యాబ్ తెర వెలుగు దాదాపు 500 నిట్లు.

గాజు తలం అద్దంవలె కొంత కాంతిని వెనక్కు పంపుతుంది. ఒక్కొక్క గాజు-గాలి తలం వద్ద ఈ పరావర్తనం సుమారు 4 శాతం. చేతిలోని ట్యాబ్‌ను కొద్దిగా వాల్చి పట్టుకొన్నప్పుడు దానిలో ప్రతిబింబించేది సాధారణంగా పట్టుకొన్న వ్యక్తి చొక్కాయే. ఎండలో ఉన్న తెల్ల చొక్కా తనపై పడిన కాంతిలో 80 శాతాన్ని వెదజల్లుతుందనుకొంటే దాని వెలుగు సుమారు 25,000 నిట్లు. అందులో 4 శాతం, అంటే దాదాపు 1,000 నిట్లు, గాజు నుండి కంటికి చేరుతాయి. తెర స్వయంగా ఇచ్చే వెలుగుకు ఇది రెట్టింపు.

తెరపై తెల్లని భాగానికి, నల్లని భాగానికి మధ్య గల వెలుగు నిష్పత్తియే చదవగలగడానికి మూలం. ఈ పరావర్తన కాంతి తెలుపుకూ నలుపుకూ సమానంగా కలుస్తుంది. అప్పుడు తెలుపు 1,500, నలుపు 1,000, నిష్పత్తి 1.5 మాత్రమే. అక్షరాలు ఇబ్బంది లేకుండా చదవడానికి ఈ నిష్పత్తి కనీసం 3 ఉండడం మంచిది.

చవక పరికరాలలో పై గాజుకూ లోపలి తెరకూ మధ్య సన్నని గాలి పొర ఉంటుంది. ఈ పొర వలన మరో రెండు తలాలు కాంతిని వెనక్కు పంపుతాయి. మొత్తం పరావర్తనం సుమారు మూడింతలై 3,000 నిట్లకు చేరుతుంది. అటువంటి తెర వెలుగును 1,000 నిట్లకు పెంచినా నిష్పత్తి 1.3 దాటదు. గాలి పొరను పారదర్శక జిగురుతో నింపి అతికించిన తెర 500 నిట్లతోనే 1.5 ఇస్తుంది. అంటే వెలుగును రెట్టింపు చేయడం కంటె గాలి పొరను తొలగించడమే ఎక్కువ ఫలితాన్నిస్తుంది. బ్యాటరీ వినియోగం కూడా పెరగదు.

ఇదే లెక్క మరొక చౌక మార్గాన్ని చూపుతుంది. కాంతిలో 10 శాతం మాత్రమే వెదజల్లే ముదురు రంగు చొక్కా వేసుకొంటే, అతికించిన తెరపై పరావర్తనం సుమారు 130 నిట్లకు తగ్గి నిష్పత్తి దాదాపు 5కు పెరుగుతుంది. గొడుగు నీడలో చొక్కాపై పడే కాంతి 10,000 లక్స్‌కు తగ్గితే తెల్ల చొక్కాతోనూ నిష్పత్తి 6కు చేరుతుంది. ఖరీదైన తెర ఇచ్చే ప్రయోజనాన్ని చెట్టు నీడ ఉచితంగా ఇస్తుంది.

తెరల రకాలు

వెనుక దీపంతో వెలిగే సాధారణ ఎల్‌సీడీ తెర ఎండతో పోటీపడుతుంది. పరావర్తక తెర ఎండనే వాడుకొంటుంది. ఎండ పెరిగిన కొద్దీ స్పష్టంగా కనిపిస్తుంది. తేమ మీటర్లు, డిజిటల్ తూకాలలో బూడిదరంగు నేపథ్యంపై నల్లని అంకెలు చూపే తెరలు చాలావరకు ఈ కోవలోనివే. రెండు గుణాలనూ కలిపిన తెరలు కూడా ఉన్నాయి. గ్రామీణ విద్యార్థుల కోసం 2007లో ఉత్పత్తి ప్రారంభమైన ఎక్స్‌ఓ ల్యాప్‌టాప్‌కు మేరీ లూ జెప్సెన్ రూపొందించిన తెర గదిలో రంగులలో, ఎండలో నలుపు తెలుపులలో పనిచేసేది.

ఎలక్ట్రానిక్ కాగితంలో నల్లని, తెల్లని సూక్ష్మ రేణువులు విద్యుత్ ప్రేరణతో పైకి కిందికి కదులుతాయి. ఒకసారి ఏర్పడిన అక్షరం విద్యుత్తు లేకున్నా నిలిచి ఉంటుంది. రోజుకు రెండు మూడుసార్లు మారే వాన, ఉష్ణోగ్రత, ధరల సూచికలకు ఇది అనుకూలం. వేగంగా కదిలే పటాలకు కాదు. దూరం నుండి చూడవలసిన బోర్డులకు ఎల్‌ఈడీలు తగినవి, కాని పగటివేళ వాటికి కొన్ని వేల నిట్ల వెలుగు అవసరం.

వేడి, ధూళి, తేమ

సాధారణ ఎల్‌సీడీ తెరలు 0 నుండి 50 డిగ్రీల వరకు, పారిశ్రామిక శ్రేణి తెరలు మైనస్ 20 నుండి 70 డిగ్రీల వరకు పనిచేసేలా తయారవుతాయి. ఎండలో నిలిపిన వాహనం ముందు అద్దం కింద ఉష్ణోగ్రత 70 డిగ్రీలు దాటగలదు. ద్రవ స్ఫటికం ఒక హద్దును మించి వేడెక్కితే తన అమరికను కోల్పోతుంది, తెర నల్లబడుతుంది. చల్లారిన తరువాత సాధారణంగా తిరిగి పనిచేస్తుంది కనుక అటువంటి మీటరును వెంటనే చెడిపోయినదిగా భావించరాదు. చాలా ట్యాబ్‌లు వేడెక్కినప్పుడు తమను కాపాడుకోవడానికి వెలుగును తామే తగ్గించుకొంటాయి. ఎక్కువ వెలుగు అవసరమైన వేళనే తెర మసకబారడానికి ఇది ఒక కారణం.

రక్షణ స్థాయిని ఐపీ సంఖ్య తెలుపుతుంది. మొదటి అంకె 6 అయితే ధూళి లోపలికి చేరదు. రెండవ అంకె 5 అయితే నీటిధారను, 7 అయితే మీటరు లోతు నీటిలో అరగంట మునకను తట్టుకొంటుంది. రేగడి ధూళిలో పనిచేసే పరికరానికి ఐపీ 65 కనీస అవసరం. చెమట చుక్క, తడి మట్టి స్పర్శ తెరను తప్పుదారి పట్టిస్తాయి కనుక ముఖ్యమైన పనులకు వేరుగా మీట ఉన్న పరికరం మేలు.

ఒక గీత లోపిస్తే

అంకెల తెరలో ప్రతి అంకె ఏడు గీతలతో ఏర్పడుతుంది. గాజుకూ సర్క్యూట్ బోర్డుకూ మధ్యనుండే వాహక రబ్బరు పట్టీ వద్ద ధూళి చేరితే ఒక గీత కనిపించకుండా పోవచ్చు. 8లో ఎడమ కింది గీత లోపిస్తే 9గా, మధ్య గీత లోపిస్తే 0గా కనిపిస్తుంది. భారత పత్తి సంస్థ కొనుగోళ్లలో 8 శాతం తేమ వరకు పూర్తి మద్దతు ధర లభిస్తుంది. ఆపై 12 శాతం వరకు ప్రతి శాతానికి దామాషాలో కోత ఉంటుంది. 2024-25లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు 7,521 రూపాయలు. ఒక్క గీత లోపం వలన 8 కాస్తా 9 అయితే రైతు క్వింటాకు సుమారు 75 రూపాయలు నష్టపోతాడు. పత్తిలో తేమ మాత్రం మారలేదు.

క్షేత్ర పరీక్ష

పరికరం కొనుగోలుకు ముందు, సీజను ఆరంభంలో విస్తరణ సిబ్బంది ఈ క్రింది పరీక్షలు జరపడం మంచిది.

1. మధ్యాహ్నం 12 నుండి 2 గంటల మధ్య నీడ లేని చోట తెల్ల వస్త్రం ఎదుట తెరను చదవాలి. చదివేవారిలో నలభై ఐదేళ్లు దాటిన వారొకరు తప్పక ఉండాలి.

2. ఒత్తులు, గుణింతాలు ఉన్న తెలుగు పదాలను తెరపై పరిశీలించాలి. అంకెలు కనిపించిన తెరపై ఒత్తులు కనిపించకపోవచ్చు.

3. అరగంట ఎండలో ఉంచి వెలుగు తగ్గుతున్నదా, తెర నల్లబడుతున్నదా గమనించాలి.

4. మీటరును ఆన్ చేయగానే వచ్చే 888 గుర్తులో అన్ని గీతలూ ఉన్నాయో లేదో రైతు ఎదుటనే చూడాలి.

5. నమోదు చేసిన సర్వే నంబరును, పంటను భద్రపరచే ముందు రైతుకు పైకి చదివి వినిపించాలి.

ముగింపు

ఎండను తట్టుకొనే తెరను నిట్ల సంఖ్యను బట్టి మాత్రమే ఎంచుకోరాదు. గాలి పొర లేని నిర్మాణం, తక్కువ పరావర్తనం, తగిన ఉష్ణోగ్రతా శ్రేణి, ధూళి నిరోధం అనే నాలుగింటినీ కలిపి చూడాలి. కొత్త పరికరాలు వచ్చేవరకు నీడ, ముదురు వస్త్రం, 888 పరీక్ష, పైకి చదివి వినిపించడం అనే అలవాట్లు ఖర్చు లేకుండానే అనేక పొరపాట్లను నివారిస్తాయి. తెరపై ఉన్న అంకెను అధికారితోపాటు రైతు కూడా చదవగలిగినప్పుడే ఆ కొలతపై ఇద్దరికీ నమ్మకం కుదురుతుంది.