ముహూర్తాలు లేని రోజులలో సంఘ భవనం

కులసంఘాలు, గ్రామసంఘాలు, యువజన మండలులు సభ్యుల చందాలకు తోడుగా బ్యాంకు ఋణం తీసుకొని సామూహిక భవనాలు నిర్మించుకొనుట పరిపాటి. ప్రారంభోత్సవం ఘనంగా జరుగుతుంది. అయితే ఋణ వాయిదా ప్రతి నెలా చెల్లించవలసి ఉంటుంది. వివాహాలు ప్రతి నెలా జరగవు. ఈ అంతరాన్ని పూడ్చుకొను మార్గాన్ని ఈ పాఠంలో పరిశీలిద్దాం. ఇందుకు సూరత్ నగరంలోని అమ్రోలిని ఉదాహరణగా తీసుకుందాం.

రెండు పంచాంగాలు

అమ్రోలి తాపీనదికి ఉత్తరపు గట్టున, కతార్‌గాంకు ఎదురుగా ఉన్నది. మరమగ్గాల శాలలు, వాటిపై ఆధారపడిన వలస కుటుంబాలు అక్కడ అధికం. గుజరాతీలతోపాటు ఒడియా కార్మికులు పెద్దసంఖ్యలో నివసిస్తున్నారు. తెలంగాణ జిల్లాల పద్మశాలీలు కూడా తరతరాలుగా సూరత్ నగరానికి వలసవెళ్లినవారే. నగరపాలక సంస్థ పాఠశాలలలో తెలుగు మాధ్యమం ఉండుటయే వారి సంఖ్యకు నిదర్శనం.

ఇటువంటి చోట ఒక్క సంఘం వారినే నమ్ముకొన్న భవనం ఏడాదిలో అధికభాగం ఖాళీగా ఉంటుంది. గుజరాతీలు ఆషాఢంలోని తొలి ఏకాదశి మొదలు కార్తీకంలోని ఉత్థాన ఏకాదశి వరకు సాధారణంగా వివాహాలు చేయరు. తెలుగువారికి శ్రావణం పెళ్లిళ్ల మాసం. ఉభయులకూ మాసం అమావాస్యతోనే ముగియును గనుక శ్రావణం ఇద్దరికీ ఒకే కాలంలో వస్తుంది. అనగా గుజరాతీ పెళ్లిళ్లు ఆగిన సమయంలోనే తెలుగు పెళ్లిళ్లు జరుగుతాయి. అయితే మూఢాలను, అధికమాసాలను ముందుగానే చూసుకొనవలెను. 2023లో అధిక శ్రావణం రావడంతో ముహూర్తాలు వెనుకకు జరిగిన సంగతి పాఠకులకు తెలిసినదే.

ధనుర్మాసంలో ఇరువురికీ పెళ్లిళ్లు ఉండవు. ఆ రోజులకు అయ్యప్ప పడిపూజలు, భజనలు, అన్నదానాలు అనుకూలం.

గంటల లెక్కన అద్దె

పూర్తిరోజు అద్దె మాత్రమే నిర్ణయించుట పెద్ద లోపం. గుజరాతీలలో మరణానంతరం జరిపే సంతాప సమావేశాన్ని 'బేసణుం' అంటారు. అది రెండు మూడు గంటలలో ముగుస్తుంది; ఒకటి రెండు రోజుల వ్యవధిలోనే స్థలం కావలసి వస్తుంది. సీమంతం, నామకరణం, పొదుపు సంఘాల సమావేశం, కుట్టుశిక్షణ, వైద్యశిబిరం, వస్త్రప్రదర్శన వంటివాటికి కూడా సగంపూట చాలును.

ఒక ఊహాత్మక లెక్క చూడండి. నెలవాయిదా 30,000 రూపాయలు, కాపలా, మరమ్మతులు మొదలగు ఖర్చులు 10,000 రూపాయలు అనుకుందాం. ఏడాదికి 4,80,000 రూపాయలు కావలెను. ముప్పది పెళ్లిరోజులకు 8,000 చొప్పున వచ్చునది 2,40,000 మాత్రమే. శ్రావణంలో మరి ఆరు తెలుగు వివాహాలు దొరికినచో 48,000 చేరును. మిగిలిన 1,92,000 రూపాయలకు 3,000 చొప్పున 64 చిన్న కార్యక్రమాలు చాలును. నెలకు ఐదారు మాత్రమే. లోటును పెళ్లి అద్దె పెంచి పూడ్చబోతే, ఆ కుటుంబాలు వేరొక భవనం చూసుకొనగలవు.

నమ్మకమే ప్రచారం

పెళ్లి కుదిరిన కుటుంబం సాధారణంగా మొదట పురోహితుని, వంటవారిని, బట్టల దుకాణాన్ని సంప్రదిస్తుంది. కనుక అద్దె వివరాలను గుజరాతీ, హిందీ, తెలుగు, ఒడియా భాషలలో ముద్రించి వీరికి అందజేయవలెను. షామియానా, వంటపాత్రలు, మైకుసెట్టు వ్యాపారులలో ఒక్కరికే హక్కు కట్టబెట్టక, అందరికీ ఒకే షరతులు పెట్టినచో ప్రతి వ్యాపారీ మీ భవనం పేరు చెప్పును.

ఖాళీ తేదీలు ఒకే రిజిస్టరులో ఉండవలెను. బయానాకు రసీదు, రద్దుకు స్పష్టమైన నిబంధన, డిపాజిట్టు సకాలంలో వాపసు తప్పనిసరి. సంఘపెద్దల బంధువులకు ఇచ్చు ఉచిత రోజులను కూడా రిజిస్టరులో వ్రాసి, సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించవలెను.

భద్రత విషయంలో రాజీ తగదు. 2019 మే 24న సూరత్‌లోని సర్థానా ప్రాంతంలో తక్షశిలా భవనం అగ్నిప్రమాదంలో 22 మంది విద్యార్థులు ప్రాణాలు కోల్పోయారు. రెండు వైపుల అడ్డులేని ద్వారాలు, పనిచేసే అగ్నిమాపక సాధనాలు, వంటగ్యాసుకు వేరు స్థలం ఉండవలెను. రాత్రి 10 గంటలకు మైకు ఆపు నిబంధనను రసీదుపైనే ముద్రించుట మేలు. ఇరుగుపొరుగు ఫిర్యాదులు తగ్గుతాయి.

మీ గ్రామంలో చేయవలసినది

మీ సంఘ భవనానికి పన్నెండు నెలల పట్టిక గీయండి. చుట్టుపక్కల ఏయే కుటుంబాలకు, ఏయే మతాల వారికి, ఏ మాసంలో ఏ శుభకార్యం జరుగునో వ్రాయండి. ఖాళీగా మిగిలిన గడులలో రైతుశిక్షణ, విత్తన వ్యాపారుల సమావేశం, పశువైద్య శిబిరం వంటివి చేర్చండి. అప్పటికీ వాయిదాకు చాలని నెలలు ఉన్నచో, పెళ్లినెలల ఆదాయంలో కొంత భాగాన్ని వేరు ఖాతాలో నిలువచేయండి. భవనం కట్టబోవు సంఘాలు ఈ పట్టికను ఋణ దరఖాస్తుకు ముందే తయారుచేసుకొనుట శ్రేయస్కరం.