నోటి, గొంతు కాన్సరు చికిత్సలో భార్యాభర్తల తోడ్పాటు

సూరత్ జిల్లా పల్సాణా తాలూకాలో, ముంబాయి–అహమ్మదాబాదు రహదారిపై కడోదరా అను పట్టణము కలదు. దాని చుట్టును బట్టల మిల్లులు, అద్దకపు కర్మాగారములు, మరమగ్గముల షెడ్లు వెలసినవి. స్వస్థలములలో చేనేత వృత్తి క్షీణించిన పిమ్మట వరంగల్లు, కరీంనగరు, నల్లగొండ ప్రాంతముల నుండి అనేక పద్మశాలి కుటుంబములు సూరత్ ప్రాంతమునకు వలసవచ్చి సాంచాలపై పనిచేసి జీవించుచున్నవి. పగలు రేయి సాగు దీర్ఘమైన షిఫ్టులలో నిద్రను ఆపుకొనుటకై గుట్కా, ఖైనీ, మావా నోట పెట్టుకొను అలవాటు పనివారికి సులభముగ అంటుకొనును. పొగాకు మాత్రమే గాక వక్క కూడ స్వయముగ కాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రకటించెను. భారతదేశమున పురుషులకు వచ్చు కాన్సరులలో నోటి కాన్సరు ముందువరుసలో నున్నది.

వ్యాధి బయటపడి, చికిత్స నిర్ణయమైన పిమ్మట ఇంటిలోని జీవిత భాగస్వామి చేయవలసిన పనులేవో తెలుపుటయే ఈ పాఠము ఉద్దేశము. రోగి భర్త కావచ్చును, భార్య కావచ్చును. ఇరువురి విషయమునను ముఖ్యసూత్రమొక్కటే: మొదలుపెట్టిన చికిత్స మధ్యలో తెగిపోరాదు.

చికిత్స స్వరూపము

నోరు, నాలుక, దవడ, గొంతు, స్వరపేటిక మొదలగు భాగముల కాన్సరునకు శస్త్రచికిత్స, రేడియేషన్, మందుల చికిత్స అను మూడు మార్గములు కలవు. వ్యాధి ఉన్న చోటును, ముదిరిన తీరును బట్టి వైద్యులు వీనిలో ఒకదానినిగాని, రెండు మూడింటినిగాని ఎన్నుకొందురు. జనులు ‘కరెంటు పెట్టుట’ అని చెప్పుకొను రేడియేషన్ సాధారణముగ వారమునకు 5 దినముల చొప్పున 6 లేక 7 వారములు జరుగును. ప్రతిదినము యంత్రము క్రింద నుండు సమయము కొద్ది నిమిషములే. తల కదలకుండ ముఖమునకు అచ్చుపోసిన వలవంటి ముసుగు బిగింతురు. దానిని చూచి రోగి భయపడుట సహజము. యంత్రము శరీరమునకు తగలదనియు, అప్పటికప్పుడు నొప్పి కలుగదనియు ముందుగనే చెప్పి ధైర్యము చేకూర్చవలెను.

ఈ చికిత్సకు వరుస ప్రాణము. దినములు తప్పిపోయినచో, మిగిలిన కాన్సరు కణములు మరల పెరుగుటకు వ్యవధి దొరకును; వ్యాధి నయమగు అవకాశము తగ్గును. ఏ కారణముచేతనైనను ఒక దినము తప్పినచో అదే దినమున రేడియేషన్ విభాగమునకు తెలుపవలెను. తప్పినదానిని సర్దు ఉపాయము వైద్యులకు తెలియును.

ప్రారంభమునకు ముందు

వలస కుటుంబములకు మొదటి ప్రశ్న, చికిత్స ఎచ్చట చేయించవలెనన్నది. సూరత్ నగరముననే రేడియేషన్ సౌకర్యము కలదు. అహమ్మదాబాదున 1972లో స్థాపింపబడిన గుజరాత్ కాన్సరు పరిశోధన సంస్థ, ముంబాయిలో 1941 నుండి పనిచేయుచున్న టాటా స్మారక ఆసుపత్రి, హైదరాబాదున ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రి కలవు. స్వంత ఊరివారి అండ కావలెనన్నచో హైదరాబాదును, పిల్లల చదువు, కూలి నిలువవలెనన్నచో సూరత్తును ఎన్నుకొనవచ్చును. ఏది యెన్నుకొన్నను చికిత్సకు ముందే నిశ్చయించుకొనవలెను. సగము ఇక్కడ, సగము అక్కడ అను పద్ధతి హానికరము. దసరాకో, దగ్గరివారి పెండ్లికో ఊరికి పోవలెనను తలంపును ఆ యేడు వారములు వాయిదా వేయవలెను.

ఖర్చు విషయము రెండవది. 2018లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకము క్రింద అర్హత గల కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స లభించును. ఒక రాష్ట్రపు కార్డుతో మరియొక రాష్ట్రమున పథకములో చేరిన ఆసుపత్రిలో చికిత్స పొందు ఏర్పాటు కూడ కలదు. కార్డు చెల్లునో లేదో చేరుటకు ముందే ఆసుపత్రిలోని ఆయుష్మాన్ సహాయకుని అడుగవలెను. మిల్లులో కార్మిక బీమా చందా కోతబడుచున్నవారు, నియమములకు లోబడి, దీర్ఘవ్యాధి భత్యమునకు అర్హులు కావచ్చును. కాన్సరు రోగికిని, వెంటవచ్చు ఒకరికిని రైలు చార్జీలో రాయితీ కలదు. అందుకు ఆసుపత్రి ధ్రువపత్రము కావలెను.

రేడియేషన్‌కు ముందు పండ్లను దంతవైద్యునిచే చూపించుట తప్పనిసరి. పాడైన పండ్లను ముందే తీయించినచో పుండు మానుటకు వ్యవధి యుండును. చికిత్స తరువాత పన్ను తీయించిన యెడల దవడ ఎముక చెడు ప్రమాదము కలదు. కనుక ఏండ్లు గడచినను, పన్ను తీయువానికి రేడియేషన్ సంగతి చెప్పకుండ నోరు చూపరాదు.

గుజరాతీగాని హిందీగాని రాని గృహిణి ఒంటరిగ ఆసుపత్రికి పోయి అవస్థపడరాదు. భాష తెలిసిన పొరుగువారినొకరిని మొదటి దినములలో వెంట తీసికొని పోవలెను. కాగితములన్నియు ఒకే సంచిలో నుంచి, అడుగవలసిన ప్రశ్నలను తెలుగుననే వ్రాసికొనవలెను.

కష్టమైన వారములు

మొదటి రెండు వారములు సామాన్యముగ సుఖముగనే గడచును. ఇరుగుపొరుగువారు ‘ఇంత తేలికా’ యని ఆశ్చర్యపడుదురు. ఆ పిమ్మట నోటిలోపల పూత లేచును; లాలాజలము చిక్కబడి తగ్గును; రుచి నశించును; మెడ చర్మము నల్లబడి కమలును. నాలుగవ వారమున ఒక నేతకార్మికుడు గ్రుక్కెడు నీరు మ్రింగలేక, ‘ఇక చాలు, రేపటినుండి పోను’ అని సైగచేయు దృశ్యమును ఊహింపవచ్చును. కూలి లేక నెల దాటినది. అద్దె బాకీ యున్నది. నాటుమందుతో నయమగునని ఎవరో చెప్పియుందురు. చికిత్స తెగిపోవునది ఇట్టి దినముననే. భార్య చూపు దృఢత్వమునకు అప్పుడే విలువ.

ఆమె వాదింపవలసిన పనిలేదు. ఈ బాధ చికిత్సయొక్క ఫలితమేగాని వ్యాధి పెరుగుట కాదనియు, చికిత్స ముగిసిన కొన్ని వారములలో పుండ్లు మానుననియు శాంతముగ చెప్పవలెను. నొప్పిని వైద్యునికి వెంటనే తెలుపవలెను. వైద్యుడిచ్చిన మందు, అది మార్ఫిన్ అయినను, చెప్పిన కొలతలో వాడినచో వ్యసనమగునని భయపడరాదు. నొప్పి తగ్గినచో తిండి లోపలికి పోవును. తిండి పోయినచో మరునాడు ఆసుపత్రికి నడచిపోవు శక్తి యుండును.

నోటిని శుభ్రపరచుటకు ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో చెంచాడు ఉప్పు, చెంచాడు వంటసోడా కలిపి, దినమునకు పలుమారులు పుక్కిలింపజేయవలెను. ఈ నీటిని ఏ రోజుకారోజు తయారుచేయవలెను. కమలిన మెడపై నూనెలు, పసుపు, ఆకుపసరులు పూయరాదు.

ఆహారము

కారము, చింతపండు, ఊరగాయలు, పొగలుగ్రక్కు వేడి పదార్థములు మానవలెను. రాగిజావ, జొన్న గటకను పలుచజేసి మజ్జిగతో ఇచ్చుట, పెసరకట్టు, మెత్తగ మెదిపిన పెరుగన్నము, పాలు, బాగుగ ఉడికించి మెదిపిన గ్రుడ్డు మంచివి. కొద్దిగ నెయ్యిగాని, వేరుసెనగల మెత్తని పిండిగాని చేర్చినచో బలము హెచ్చును. మూడు పూటల నియమము విడిచి, రెండేసి గంటలకు కొంచెము కొంచెముగ ఇయ్యవలెను. వారమునకొకసారి ఒకే త్రాసుపై బరువు తూచి వ్రాసియుంచి వైద్యునికి చూపవలెను.

మ్రింగుట అసాధ్యమైనచో వైద్యులు ముక్కు ద్వారా గొట్టము వేయుదురు. దీనిని అంత్యకాల సూచనగ భావించుట పొరపాటు; ఇది చికిత్స సాగుటకు ఏర్పరచిన త్రోవ. ఆహారము పోయునపుడును, తరువాత అరగంట నుండి గంట వరకును రోగి కూర్చుండియుండవలెను. వడగట్టిన ద్రవమునే మెల్లగ పోసి, తుదను మంచినీటితో గొట్టము కడుగవలెను. గొట్టము జారినచో ఇంటిలో లోపలికి నెట్టరాదు. అందులో ఏమియు పోయక ఆసుపత్రికి పోవలెను.

మాట, ముఖము, మనస్సు

శస్త్రచికిత్స తరువాత ముఖము మారవచ్చును, మాట అస్పష్టము కావచ్చును. పలకగాని నోటుపుస్తకముగాని చేతికిచ్చి, రోగి వ్రాయుచున్నంత సేపు ఓపికతో నిలువవలెను. అతని వాక్యమును మరియొకరు పూర్తిచేయుట అతనికి బాధాకరము. అద్దమును దాచుటకంటె, చూచుటకు అతడు సిద్ధపడినపుడు ప్రక్కన నుండుట మేలు. కాన్సరు అంటువ్యాధి కాదు. కంచము, పడక వేరుచేయ నవసరము లేదు. బిడ్డలను దూరముగ నుంచరాదు.

ఇంటిలో పొగాకు పూర్తిగ నిలిచిపోవలెను. చికిత్సకాలమున పొగాకు వాడినచో చికిత్స గుణము తగ్గును. ఎదుట నున్నవారు నములుచుండగ రోగి మానుట దుష్కరము. మానుటకు సలహా కావలసినవారు 1800112356 అను ఉచిత టెలిఫోను నంబరునకు ఫోను చేయవచ్చును.

సేవచేయువారి ఆరోగ్యము

పగలు ఆసుపత్రి, రాత్రి జాగరణ, నడుమ కూలిపని చేయు గృహిణి కొలది వారములలోనే కృశించును. ఆమె పడిపోయినచో చికిత్సయు నిలిచిపోవును. కావున వేళకు భోజనము, కొంత నిద్ర స్వార్థము కాదు. సహాయమునకు వచ్చు బంధువులకు, కులసంఘమువారికి స్పష్టమైన పని అప్పగించవలెను: ఒకరు సోమవారము ఆసుపత్రికి తోడుపోవుట, ఒకరు జావ కాచుట, ఒకరు పిల్లలను బడికి పంపుట.

ఆలస్యము తగనివి

జ్వరము 100.4 డిగ్రీలు దాటుట, ఊపిరి ఆడకుండుట, నోటినుండి గాని మెడనుండి గాని రక్తము కారుట, నీరు కూడ లోపలికి పోకుండుట, మూత్రము మిక్కిలి తగ్గుట: వీనిలో ఏది కనిపించినను తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి చేర్చవలెను.

చికిత్స ముగిసిన పిమ్మట

చివరి దినమున బాధ అంతరింపదు. మరి రెండు వారములు హెచ్చుగ నుండవచ్చును. పిదప క్రమముగ తగ్గును. నోరు తెరచుట, మ్రింగుట, భుజము కదల్చుట మొదలగు వ్యాయామములను వైద్యులు చెప్పినట్లు నెలల తరబడి సాగింపవలెను. మెడకు రేడియేషన్ తీసికొన్నవారికి థైరాయిడ్ గ్రంథి మందగించవచ్చును గనుక అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించవలెను. నయమైనదని తలచి పరీక్షలకు పోవుట మానరాదు; తిరిగి వచ్చు వ్యాధి తొలి రెండు మూడేండ్లలోనే హెచ్చుగ కనిపించును.

శస్త్రచికిత్స చేయువాడు వైద్యుడు. కిరణములు ప్రసరింపజేయునది యంత్రము. కాని ప్రతి ఉదయము రోగిని లేపి, రెండు గ్రుక్కల జావ త్రాగించి, కాగితముల సంచితో కడోదరా బస్సు ఎక్కించునది ఇంటివారే. ఆ ప్రయాణము ఒక్కదినమైనను తప్పకుండ చూచుటయే వారు చేయగల పరమోపకారము.