చలికడలిలో మునక

బ్రిటను దేశమున సముద్రములో మునుగుటయందు ప్రీతిగలవారు పెక్కుమంది యేటికొకమారు విమానమెక్కి ఎర్రసముద్రమునకో మాల్దీవులకో పోవుదురు. అచ్చటి నీరు వెచ్చనిది, గాజువలె నిర్మలమైనది. పల్చని బట్టతో దిగి గంటసేపు హాయిగ నుండవచ్చును. ఇందు వింత యేమియు లేదు. వింత యేమనగా, అట్టివారిలోనే కొందరు మార్చి నెలలో, చలిగాలి చెవులు కోయుచుండగా, స్కాట్లండు తూర్పుతీరమునందలి సెంట్ ఆబ్స్ అను చిన్న రేవుపల్లెకు వచ్చి, మోటారుబండి చాటున వణకుచు దుస్తులు మార్చుకొని, ఆరు డిగ్రీల నీటిలోనికి దిగుదురు. ఎడింబరో నగరమునుండి ఆ పల్లె రమారమి గంట ప్రయాణము. వెచ్చని కడలిని చూచి వచ్చినవారిని సైత మీ చలినీరు మరల మరల పిలుచుటకు కారణమేమి? విద్యార్థులారా, దీనిని కొంచెము విచారింతము.

మొదట సాధనమును గూర్చి చెప్పవలెను. స్కూబా యనునది కొన్ని ఆంగ్లపదముల మొదటి యక్షరములను కూర్చి చేసిన మాట. నీటిలో ఊపిరి తీయుటకు వలయు సాధనమును మునుగువాడు తనవెంటనే కొనిపోవుట యని దాని భావము. 1943వ సంవత్సరమున ఫ్రాన్సు దేశమునందు నౌకాదళాధికారియగు జాక్ కూస్తో, ఇంజనీరగు ఎమీల్ గాన్యాన్ అను నిరువురు దీనికి ప్రాణమువంటి కవాటమును నిర్మించిరి. వీపున కట్టిన లోహపు సిలిండరులో గాలి మిక్కిలి యొత్తిడితో నింపబడి యుండును. కవాట మా యొత్తిడిని చుట్టునున్న నీటి యొత్తిడికి సమానముగ తగ్గించి, పీల్చినపుడు మాత్రమే గాలిని నోటి కందించును. సముద్రమున ప్రతి 10 మీటర్ల లోతునకు ఒక వాయుమండలపు టొత్తిడి పెరుగును. కావున 20 మీటర్ల లోతున నొత్తిడి గట్టుమీది దానికి మూడింతలు. గట్టుమీద మూడు గంటలు వచ్చు గాలి యచ్చట గంటకే సరిపోవును.

ఇక చలి. ఉష్ణమును ప్రసరింపజేయు శక్తి గాలికంటె నీటికి సుమారు 25 రెట్లు అధికము. సెంట్ ఆబ్స్ వద్ద ఫిబ్రవరి, మార్చి నెలలలో నీటి వేడిమి 5, 6 సెంటిగ్రేడు డిగ్రీలు. మిక్కిలి వెచ్చనగు ఆగష్టు, సెప్టెంబరులలో సైతము 13, 14 డిగ్రీలే. మన విశాఖతీరపు నీ రే కాలమునందును 20 డిగ్రీలకు దిగదు. పుష్యమాసపు తెల్లవారుజామున చెరువులో మునిగినవాడు మొదటి క్షణమున గుక్కతిప్పుకొనలేక నోరు తెరచుట మీరు చూచియే యుందురు. చలినీరు మేనిని తాకగనే ఊపిరి తనంత తాను ఎగబీల్చుట దేహధర్మము. ఆరు డిగ్రీల నీటిలో నది మరియు తీవ్రముగ నుండును. అపుడు నోట గాలిగొట్టము లేనివానికి నీరే లోనికి పోవును.

ఇందులకై వారు పొడిదుస్తు ధరింతురు. మెడకును మణికట్లకును బిగియు రబ్బరుపట్టీలవలన నీరు లోనికి చొరదు. లోపల దళసరి బట్టలు, వానియందు చిక్కిన గాలి, ఇవియే చలిని కాచునవి. లోతునకు పోయినకొలది నీ రా గాలిని నొక్కివేయును గనుక సిలిండరునుండి కొంచెము కొంచెముగ మరల గాలిని దుస్తులోనికి విడువవలెను. ఈ గాలి మనిషిని పైకి తేల్చును. దానికి విరుగుడుగ నడుమున సీసపు దిమ్మలు. తలకు టోపి, చేతులకు మందపు తొడుగులు. ఇంతచేసినను అరగంటకు వ్రేళ్లు మొద్దుబారును. మరియొక యపాయము కలదు. ఒత్తిడి తగ్గి వ్యాకోచించు గాలి చల్లబడును. నీరే గడ్డకట్టు వేడిమికి చేరువగ నున్నయెడల కవాటమున మంచు పేరుకొని, తెరచినది తెరచినట్లే నిలిచిపోయి, గాలి యంతయు బుసబుస వెడలిపోవును. కావుననే శిక్షణలేక, తోడులేక యెవ్వరును దిగరాదు. దీనిని వట్టి సాహసమని మెచ్చుకొనువా రొకవైపు, వట్టి వెఱ్ఱియని నవ్వువారు వేరొకవైపు నున్నారు. ఇరువురును నీటిక్రింద నేమున్నదో అడుగుట మరచితిరని నా యభిప్రాయము.

నీటిక్రింద నున్నదానికి మూలము చలియే. 5 డిగ్రీల సముద్రజలము 30 డిగ్రీల జలముకంటె ఒకటిన్నర రెట్లకు మించి ప్రాణవాయువును తనలో ఇముడ్చుకొనగలదు. అంతకంటె ముఖ్యమైన దింకొకటి. శీతకాలమున పైనీరు చల్లబడి బరువెక్కి క్రిందికి దిగును. తుపానులు దానిని కలచివేయును. అడుగున నిలిచిన లవణములు, మన పొలములకు ఎరువువంటివి, పైకి వచ్చును. వసంతమున సూర్యరశ్మి పెరుగగనే ఆ యెరువుతో కంటికి కానరాని సూక్ష్మసస్యములు కోటానుకోట్లుగ మొలచి నీటిని పచ్చగ జేయును. వానిని తినునవి సూక్ష్మజంతువులు, వానిని తినునవి చేపలు. ఉష్ణదేశపు కడలిలో వెచ్చని పైనీరు తేలికయై మూతవలె నిలిచియుండును. అడుగు సారము తరచుగ పైకి రాదు. ఆ నీటి నీలిమయు నిర్మలత్వమును చాలవరకు దాని పేదరికమునకు గుర్తులే. పగడపుదిబ్బలు సంపన్నములు గదా యని మీరడుగవచ్చును. అవి యున్న కొద్దిపాటి సారమును మరల మరల తిప్పి వాడుకొను నిపుణమైన సంసారములు. చలికడలియో, ప్రతివత్సరమును గాదె నింపుకొను మోతుబరి. అయితే ఆ సిరికి పన్ను చెల్లింపవలెను: మే నెలలో నీరు పచ్చబడినపుడు చేయి చాచిన, చేతి కొన కనబడని దినములు కలవు.

సెంట్ ఆబ్స్ వద్ద గట్టునుండియే నీటిలోనికి దిగవచ్చును. మొదట కెల్పు అను పెద్ద సముద్రపు నాచు వనమువలె ఊగుచుండును. వెలుతురు తగ్గినకొలది ఆ వనము పలుచబడి, నిలువుగ దిగిన బండలు కానవచ్చును. కెథీడ్రల్ రాక్ అని పేరుగన్న తోరణమువంటి బండ అచ్చటనే యున్నది. ఈ రాళ్లపై పిడికెడు పిడికెడుగ తెల్లనివి, నారింజవన్నెవి మెత్తని పగడములు క్రమ్ముకొని యుండును. వీనిని అచ్చటివారు ‘చచ్చినవాని వ్రేళ్లు’ అందురు. దగ్గరగ జూచిన, ప్రతి వ్రేలినుండియు ఎనిమిదేసి రేకులుగల పూవులవంటివి వందలు విప్పారి, ప్రవాహమునందు కొట్టుకొనివచ్చు ఆహారమును పట్టుకొనుచుండును. రాతి నెరియలనుండి తోడేలుచేప ముఖము చూపును. దానియంత వికారమైన ముఖము కడలిలో నరుదు. సముద్రపు ముండ్లకాయలను, పీతలను కరకర నమలు దవడలు గలది, కాని మనిషి జోలికి రాదు. వసంతారంభమున లంప్‌సకర్ అను బంతివంటి చేప లోతునుండి తీరమునకు వచ్చును. ఆడుది గ్రుడ్లు పెట్టి మరలిపోవును. మగది పొట్టక్రింది చూషకముతో రాతి నంటుకొని, అలలు మోదుచున్నను వదలక, గ్రుడ్లపై నీటిని విసరుచు వారముల తరబడి కాపుండును.

ఇంటిచెంత నుండుట వలని లాభ మిచ్చటనే తెలియును. దూరదేశమునకు పోయినవాడు వారము దినములు చూచి మరలును. అతనికి కనబడినది చిత్తరువు. గంట ప్రయాణములో నున్నవాడు అదే రాతిని ఫిబ్రవరిలోను, జూన్‌లోను, అక్టోబరులోను చూచును. పైని జెప్పిన మెత్తని పగడములు యేటేట వేసవి చివర ముడుచుకొని, పూలు మూసికొని, మేత మాని, మాసిన చర్మముపై నాచు పేరుకొనగా కొన్ని నెలలు నిజముగనే చచ్చినట్లు పడియుండును. తరువాత ఆ చర్మమును విడిచి తెల్లగ విప్పారును. అక్టోబరులో మొదటిమారు వచ్చిన యాత్రికుడు ‘ఇచ్చటి ప్రాణు లన్నియు నశించినవి’ అని వ్రాసికొనిపోవును. ఏటేట వచ్చువాడు చిరునవ్వు నవ్వును. అయితే, నిజముగ నశించినపుడు గుర్తుపట్టగలవాడును అతడే.

1984లో సెంట్ ఆబ్స్, ఐమత్ తీరమున స్వచ్ఛంద సముద్రరక్షితప్రదేశ మొకటి యేర్పడెను. స్కాట్లండున నట్టిది యదియే మొదటిది. మునుగువారు అచ్చటి ప్రాణి నొక్కదానినైన పైకి తేరాదనునది దాని కట్టుబాటు.

ఇంకొక సంగతి పశ్చిమతీరమున జరిగినది. అచ్చట లోక్ కారన్ అను పేరుగల సముద్రపు చీలిక కొండల నడుమ లోనికి చొచ్చుకొని యున్నది. దాని యడుగున జ్వాలవంటి నారింజరంగు పోగులు గల ఆల్చిప్పజాతి జీవులు, గులకరాళ్లను చిప్పలను దారములతో అల్లి, దుప్పటివంటి గూడును పరచుకొని యుండును. ఆ యల్లికలో వందలాది యితర జాతులు తలదాచుకొనును. 2017 ఏప్రిలులో ఒక పడవ ఇనుపపండ్ల వలలతో ఆ యడుగును ఈడ్చుకొని పోయెను. అప్పటికి అచ్చట నది చట్టవిరుద్ధము కాదు. గట్టునుండి చూచువారికి నీరు మునుపటివలెనే యుండెను. కాని ఆ నీటిలో తరచుగ మునుగు స్థానికులు దిగి, చిరిగిన గూళ్లను, నలిగిన చిప్పలను చలనచిత్రములుగ తీసికొనివచ్చి లోకమునకు చూపిరి. మే నెలలోనే ప్రభుత్వ మా ప్రదేశమును అత్యవసరముగ రక్షితముగ ప్రకటించెను. పిమ్మట శాస్త్రజ్ఞులు శోధింపగా, ప్రపంచమున అప్పటికి తెలిసిన ఇట్టి పరపులలో నెల్ల నదియే పెద్దదని తేలెను. 2019లో ఆ రక్షణ శాశ్వత మయ్యెను. చిరిగిన ఇట్టి పరపు మరల పూర్ణముగ నల్లుకొనుటకు నూరేండ్లు పట్టవచ్చునని యొక యంచనా కలదు. ఆనాడు దిగి చూచినవారిలో నెవ్వరును దాని పూర్ణరూపమును మరల చూడలేరు.