ఏ ఉలవా రంగు మార్చుకోలేదు

వ్యక్తిత్వ వికాసం తరగతుల్లో తరచూ వినపడే మాట ఒకటుంది. బలమున్నవాడు కాదు, తెలివున్నవాడు కాదు, మారగలిగినవాడే నిలుస్తాడని డార్విన్ అన్నాడట. ఆయన అనలేదు. 1963లో లియాన్ మెగిన్సన్ అనే అమెరికా ప్రొఫెసర్ డార్విన్ సిద్ధాంతాన్ని తన మాటల్లో చెప్పాడు. పోనుపోనూ అది డార్విన్ ఖాతాలో పడింది. అసలు సంగతి వేరు. నమ్మకం కుదరకపోతే బడి పిల్లలతో ఈ ఆట ఆడించి చూడండి.

పెనుకొండ చుట్టుపక్కల ఎర్రమట్టికి కరువా? చాపంత నేల చదును చేసి ఉలవలు, పెసలు, సగ్గుబియ్యం 30 చొప్పున చల్లండి. నలుగురు పిల్లలు పిట్టలు. ఒక్కసారికి ఒక్క గింజే, రెండు వేళ్లతోనే ఏరాలి. గడువు 20 సెకన్లు. సగ్గుబియ్యం దాదాపు ఊడ్చుకుపోతుంది, పెసలూ బాగానే దొరుకుతాయి. ఉలవ కోసం మాత్రం ముక్కు నేలకు ఆనించాల్సిందే. మిగిలిన ప్రతి గింజకూ అదే రకం పిల్ల గింజ ఒకటి చేర్చండి. చేర్చేముందు పాచిక వేయండి. ఆరు పడితే అదే రకం కాదు, కళ్లు మూసుకుని, మూడు రకాలూ కలిపిన సంచిలోంచి చేతికందిన గింజ తీయాలి. అదే ఉత్పరివర్తన. ఉలవే రావాలని ఎంత మొక్కుకున్నా సంచి వినదు. మూడు నాలుగు తరాలు తిరిగేసరికి నేలంతా ఉలవలదే రాజ్యం. అప్పుడు మట్టి మీద ఆకుపచ్చ పట్టుగుడ్డ పరిచి గింజలు మళ్లీ చల్లండి. ధర్మవరంలో ముక్కలకు కొదవేముంది! ఇందాకటిదాకా దాక్కున్న ఉలవ ఇప్పుడు కొట్టొచ్చినట్టు కనపడుతుంది. పెసల దశ తిరుగుతుంది.

ఇంతసేపటిలో ఒక్క ఉలవైనా రంగు మార్చుకుందా? లేదు. మారింది కుప్ప.

అందుకే, ఇక మారిపోతానంటూ జనవరి ఒకటిన పట్టే పంతాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. గింజలు మీరు కాదు, మీ ప్రయత్నాలు. ధర్మవరంలో ఓ కుర్రాడు వాట్సాప్‌లో చీరలమ్ముతున్నాడనుకోండి. ఒకే ఒక్క గొప్ప వీడియో కోసం నెల్లాళ్లు కూర్చుంటే అతని కుప్పలో ఉన్నది ఒకే గింజ. వారానికి అయిదు తీయాలి. ఒకదాంట్లో అంచు దగ్గరగా, ఒకదాంట్లో చీర మగ్గం మీదుండగా, ఇంకోదాంట్లో వాళ్లమ్మ కట్టుకుని. నిలిచినదాన్ని ఉంచుకుని, దానికే చిన్నచిన్న తేడాలు చేసి వచ్చేవారం మళ్లీ అయిదు.

నిలిచిందని దేన్నిబట్టి? ఇక్కడే జాగ్రత్త కావాలి. పట్టుపురుగును మనిషి వేల ఏళ్లుగా పట్టు కోసమే ఎంచుకుంటూ వచ్చాడు. హిందూపురం దగ్గర కిరికెరలోని పట్టు పరిశోధన సంస్థ పని కూడా ఈ ఎంపికే. బరువైన గూడు కట్టాలి, ఎండను తట్టుకోవాలి. గూడు బరువెక్కింది, దారం పొడవు పెరిగింది. గూట్లోంచి బయటికొచ్చిన చిలుకకు మాత్రం రెక్కలుండీ ఎగరడం రాదు. ఎగిరేదాన్ని ఎవరూ ఎంచుకోలేదు మరి! లైకులు చూసి వీడియోలు ఎంచుకుంటే లైకులే పెరుగుతాయి, బీరువాలో చీరలు కదలవు. ఆ కుర్రాణ్ణి ఆర్డర్లు లెక్కపెట్టమనండి.

ఇంకొకటి. గిరాకీ తెచ్చిన రకమే అయిదుకు అయిదూ తీయకూడదు. పెళ్లిళ్ల సీజన్ దాటినా, కొనేవాళ్ల అభిరుచి మళ్లినా కింద నేల మారినట్టే. పెసలు అసలే మిగలని కుప్పకు పచ్చగుడ్డ మీద దిక్కులేదు. నాలుగు వీడియోలు గెలిచినదాని పిల్లలే కావచ్చు. అయిదోది మాత్రం, తనకు నచ్చినా నచ్చకపోయినా, చీటీ తీసి అందులో ఏది వస్తే అదే తీయాలి.