ఓపెనింగ్ ఎత్తుల వరసని గెలుపు శాతంతో కొలవొచ్చా?

పోయిన వేసవి సెలవుల్లో చీమకుర్తి వెళ్ళాను. మా బాబాయి కొడుకు ఒంగోలులో పిల్లల చెస్ టోర్నమెంట్‌కి రెడీ అవుతున్నాడు. వాడు ఎనిమిదో తరగతి. "అన్నా, వైట్ వస్తే ఏం ఆడాలి?" అని అడిగాడు. నేను కంప్యూటర్ సైన్స్ కదా, డేటా ఉంటే చాలనుకునే రకం. లీచెస్‌లో ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, ప్రతి ఎత్తు దగ్గరా వైట్ గెలుపు శాతం బాగున్న వరస ఏరి, కాగితం మీద రాసిచ్చాను: 1. డి4 నైట్ ఎఫ్6 2. సి4 ఈ6 3. నైట్ సి3. ఆ తర్వాత బ్లాక్ డి5 వేస్తాడు, క్వీన్స్ గాంబిట్ వస్తుంది అని రెండు రోజులు అదే నేర్పాను.

మొదటి రౌండ్‌లోనే అవతలి అబ్బాయి 3... బిషప్ బి4 వేశాడు. అది నిమ్జో-ఇండియన్. మావాడు ఆ పేరే వినలేదు. ఇరవై ఎత్తులు కూడా నిలవలేదు. బయటికొచ్చి ఏడవలేదు గానీ, "నువ్వు రాసిందే వేశాను కదన్నా" అన్నాడు.

తప్పు శాతాలదా, నాదా అని తర్వాత కూర్చుని చూసుకున్నాను. నాదే. శాతం అబద్ధం చెప్పలేదు, నేను అడగని ప్రశ్నకి జవాబు చెప్పింది. మీలో చెస్ ఆడేవాళ్ళు నాలాగా చెయ్యకూడదని నాకు అర్థమైనంత రాస్తున్నాను.

ఒకే పొజిషన్, మూడు దారులు

ఈ మూడు వరసలూ బోర్డు మీద వేసి చూడండి.

1. డి4 డి5 2. సి4 ఈ6 3. నైట్ సి3 నైట్ ఎఫ్6
1. డి4 నైట్ ఎఫ్6 2. సి4 ఈ6 3. నైట్ సి3 డి5
1. సి4 ఈ6 2. నైట్ సి3 డి5 3. డి4 నైట్ ఎఫ్6

మూడూ చేరేది ఒకే పొజిషన్‌కి. డేటా స్ట్రక్చర్స్ భాషలో చెప్పాలంటే ఓపెనింగ్‌లు ట్రీ కాదు, గ్రాఫ్. పొజిషన్ ఒక నోడ్, ఎత్తు ఒక ఎడ్జ్. ఎక్స్‌ప్లోరర్‌లో ఒక ఎత్తు పక్కన కనిపించే శాతం ఆ ఎడ్జ్ మీద నడిచిన గేమ్‌లది మాత్రమే. ఆ ఎత్తు వేసి ముందుకెళ్తే, వేరే దారుల్లో వచ్చిన గేమ్‌లు కూడా కలిసి మొత్తం సంఖ్య పెరుగుతుంది. కాబట్టి మొదటి సూత్రం: వరసలో శాతం చూసి ఆగొద్దు, ఎత్తు వేసి, వచ్చిన పొజిషన్‌ మొత్తం లెక్క చూడండి.

మరి చేరే చోటు ఒకటే అయితే దారికి విలువ ఏంటి? దారిలో అవతలివాడికి దొరికే మలుపులే. 3. నైట్ సి3 వేస్తే బిషప్ బి4 కి తలుపు తెరిచినట్టే. దాని బదులు 3. నైట్ ఎఫ్3 వేస్తే ఆ నిమ్జో రాదు. కానీ 3... బి6 తో క్వీన్స్ ఇండియన్ రావొచ్చు. ఒక తలుపు మూస్తే ఇంకోటి తెరుచుకుంటుంది.

2024 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో గుకేష్, డింగ్ లిరెన్ మూడో గేమ్ దీనికి మంచి ఉదాహరణ. గుకేష్ 1. డి4 నైట్ ఎఫ్6 2. నైట్ ఎఫ్3 డి5 3. సి4 ఈ6 4. సి డి5 ఈ డి5 5. నైట్ సి3 సి6 అనే వరసలో వెళ్ళాడు. ఇది క్వీన్స్ గాంబిట్ ఎక్స్‌చేంజ్ పొజిషనే. కానీ నైట్ సి3 ఐదో ఎత్తుకి వాయిదా పడింది, నిమ్జోకి చోటు లేదు. దానికి ధర కూడా ఉంది. నైట్ ముందే ఎఫ్3కి వచ్చేసింది కాబట్టి, దాన్ని ఈ2లో పెట్టి ఎఫ్3, ఈ4 తోసే ప్లాన్ పోయింది. ఆ గేమ్ గుకేష్ గెలిచాడు. అయినా ఒక్క గెలుపు చూసి వరసకి మార్కులు వెయ్యకూడదు. ఎందుకో చూద్దాం.

మూడు గేమ్‌ల శాతం

అదే మ్యాచ్‌లో 1, 5, 13 గేమ్‌లలో గుకేష్ ఈ4 వేస్తే డింగ్ ఫ్రెంచ్ డిఫెన్స్ ఆడాడు. మొదటిది గుకేష్ ఓడాడు, మిగతా రెండూ డ్రా. గెలుపుకి 1, డ్రాకి అర లెక్కన వైట్ స్కోర్ మూడుకి ఒకటి, అంటే 33 శాతం. ఇది చూసి "ఫ్రెంచ్ మీద ఈ4 పనికిరాదు" అంటే ఎవరైనా నవ్వుతారు. మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ కూడా ఉన్న గుకేష్ టీమ్ మొదటి ఓటమి తర్వాత కూడా ఈ4 ని పక్కన పడెయ్యలేదు. మ్యాచ్ 7.5-6.5 తో గుకేష్‌దే అయింది.

మూడు గేమ్‌లకి నవ్వే మనం ముప్ఫై గేమ్‌లకి మాత్రం నమ్మేస్తాం. డ్రాలు లేవనుకుంటే, 100 గేమ్‌ల మీద 55 శాతానికి సుమారు పది పాయింట్లు అటూ ఇటూ ఊగే వీలుంది. డ్రాలు ఉంటే ఆ ఊపు కొంచెం తగ్గుతుంది. దాన్ని సగం చెయ్యాలంటే గేమ్‌లు నాలుగు రెట్లు కావాలి. రెండు వరసల మధ్య రెండు పాయింట్ల తేడా చూసి నేను నిర్ణయం తీసుకున్నాను. అది నిర్ణయం కాదు, బొమ్మా బొరుసూ.

ఎవరు ఆడారు?

మా ఊరి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ షోరూంలో చూస్తే ప్రతి పలకా నల్లగా, బంగారు చుక్కలతో మెరుస్తుంది. క్వారీలో రాయంతా అలాగే ఉంటుందనుకుంటే పొరపాటు. పగుళ్ళున్నవి, మచ్చలున్నవి ముందే పక్కకి పోయాయి. డేటాబేస్ కూడా అంతే. అరుదైన వరస ఆడేవాడు ఎక్కువగా దాన్ని ఇంట్లో చదివి వచ్చినవాడే, ఎదుటివాడు మొదటిసారి చూస్తుంటాడు. ఆ శాతంలో ఎత్తు బలం ఎంతో, చదువు బలం ఎంతో విడిగా కనపడదు.

రేటింగ్ సంగతి కూడా ఉంది. ఈలో సూత్రం ప్రకారం 100 పాయింట్లు ఎక్కువున్న ఆటగాడు సగటున 64 శాతం స్కోర్ చెయ్యాలి, 200 ఎక్కువుంటే 76. ఊహకి ఒక లెక్క: 'అ' వరస ఆడినవాళ్ళు ప్రత్యర్థుల కంటే సగటున 100 ఎక్కువ, స్కోర్ 60. 'ఆ' వరస ఆడినవాళ్ళు సమానం, స్కోర్ 54. పట్టికలో 'అ' గెలిచింది. కానీ 64 రావాల్సిన చోట 60 వచ్చింది, 50 రావాల్సిన చోట 54 వచ్చింది. అసలు మంచిది 'ఆ'.

ఇప్పుడు నేనెలా చూస్తున్నాను

ముందు నా స్థాయి రేటింగ్, టైమ్ కంట్రోల్ ఫిల్టర్ పెడతాను. మాస్టర్లు నిమ్జోని ఎంత తరచుగా ఆడతారో నాకు అక్కర్లేదు, మా జిల్లా పిల్లలు ఎంత తరచుగా ఆడతారో కావాలి. తర్వాత ఎత్తు వేసి, ఆ పొజిషన్‌లో ఎక్కువగా వచ్చే జవాబులన్నీ రాస్తాను. ఒక్కోదాని పక్కన రెండే ప్రశ్నలు: ఇది ఎన్నిసార్లు వస్తుంది? వస్తే నాకు ఏం ఆడాలో తెలుసా? గెలుపు శాతం చివర్న చూస్తాను, అదీ తగినన్ని గేమ్‌లు ఉంటేనే. ఇంజిన్ రెండు వరసలూ సమానం అంటే, తెలియని మలుపులు తక్కువున్న వరస తీసుకుంటాను.

దసరాకి ఇంటికెళ్ళినప్పుడు మావాడికి కొత్త కాగితం ఇచ్చాను. ఈసారి అందులో ఒక్క శాతం కూడా లేదు. 3. నైట్ ఎఫ్3, దాని కింద బ్లాక్ వెయ్యగలిగే నాలుగు జవాబులు, ఒక్కోదానికి మా ప్లాన్. వాడు అంతా చదివి, "ఐదోది ఏదన్నా వేస్తే?" అన్నాడు. ఎక్స్‌ప్లోరర్ ముందు కూర్చున్న రోజు నాకు తట్టాల్సిన ప్రశ్న అదే.