పాతిక ఓట్ల పాఠం

మేనకోడలికి,

ఒక్క ఓటుతో ఏమవుతుందనే వాళ్లకు విజయవాడ సెంట్రల్‌ను చూపించాలి. 2019 అసెంబ్లీ ఎన్నికల్లో అక్కడ మల్లాది విష్ణు, బొండా ఉమామహేశ్వరరావు తలపడ్డారు. ఇద్దరికీ చెరో డెబ్బై వేల పైచిలుకు ఓట్లు వచ్చాయి. విష్ణు 25 ఓట్ల తేడాతో గెలిచారు. అక్కడి సత్యనారాయణపురంలో ఒక్క అపార్ట్‌మెంటు వాళ్లు తలుచుకుంటే తారుమారయ్యే తేడా అది! 2024లో అదే స్థానంలో ఉమా 68 వేలకు పైగా మెజారిటీతో గెలిచారు.

అలాంటి ఓటు కావాలంటే పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు నమోదుకు ఫారం 6 పెట్టుకోవాలి. ఒకప్పుడు వయసు లెక్కకు జనవరి 1 ఒక్కటే తేదీ. ఇప్పుడు ఏప్రిల్, జులై, అక్టోబర్ ఒకటో తేదీలు కూడా కలిశాయి. పదిహేడు దాటిన మీ తమ్ముడూ ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో పెట్టినా సరే, బూత్ స్థాయి అధికారి (బీఎల్‌ఓ) చేతికిచ్చినా సరే.

ఓటు ఇల్లున్న అవనిగడ్డలోనా, హాస్టల్ ఉన్న బెజవాడలోనా అన్నది నీ ఇష్టం. చదువుకునే పిల్లలు ఇంటి చిరునామాతోనైనా, హాస్టల్ చిరునామాతోనైనా నమోదు కావచ్చు. హాస్టల్ అయితే ప్రిన్సిపాల్ ధ్రువీకరణ జతచేయాలి. రెండుచోట్లా ఓటు ఉంచుకోవడం మాత్రం చట్టవిరుద్ధం. ఇంటి దగ్గరే ఉంచుకుంటే ఓటుకు ఊరు రావాలి. 2024 మే 13 పోలింగ్‌కు ముందు హైదరాబాద్ నుంచి వచ్చే బస్సులు, రైళ్లు కిక్కిరిశాయి. ఆ దారిలోని పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు బారులు తీరాయి. అంత ప్రయాసపడి ఊరికి వచ్చి ఓటేసిన వాళ్లంటే ఎంతో గౌరవం కలుగుతుంది. కానీ పరీక్షల వేళ నీకు కుదరదనిపిస్తే హాస్టల్ చిరునామాయే మేలు. తర్వాత మారాలంటే ఫారం 8 ఉంది.

చాలామంది దెబ్బతినేది ఇక్కడే: ఓటరు కార్డు చేతిలో ఉంటుంది, ఓటర్ల జాబితాలో పేరుండదు. పేరు లేకపోతే కార్డు ఉన్నా ఓటు లేదు. పేరుండి కార్డు మరిచిపోతే ఆధార్ లాంటి గుర్తింపు పత్రం చాలు. ఎన్నికల నోటిఫికేషన్ దాకా ఆగకుండా పేరు చూసుకోవాలి; నామినేషన్ల గడువు ముగిశాక కొత్త పేర్లు చేర్చరు.

బూత్‌లో మీట నొక్కాక వీవీప్యాట్ యంత్రం అద్దం వెనక చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది. నువ్వు వేసిన గుర్తేనా కాదా అని చూడు. నీ పేరున ఎవరైనా అప్పటికే ఓటేసి ఉంటే ఏడుస్తూ వెనక్కి రాకు. ప్రిసైడింగ్ అధికారిని టెండర్ ఓటు అడుగు, అది నీ హక్కు.

అనుమానముంటే ఓటర్ల హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చెయ్యి. ఈ ఆదివారంలోగా ఫారం నింపి, మీ హాస్టల్ గదిలో మిగతా అమ్మాయిల చేత కూడా నింపించు తల్లీ.

మీ మావయ్య