ఆకు అడుగు భాగానికి కషాయం చేరాలంటే: ఛార్జ్ ఉన్న బొట్టు ఏం చేస్తుంది?

పై వీడియో కింద చాలామంది ఒకటే అడుగుతున్నారు: "కరెంటు ఛార్జ్ ఇచ్చి కొట్టే స్ప్రేయర్ వచ్చిందంట కదా, నీమాస్త్రానికి పనికొస్తుందా, కొనొచ్చా?" కొనేముందు అది ఎలా పనిచేస్తుందో చూద్దాం.

ప్లాస్టిక్ దువ్వెనతో తల దువ్వి, కుళాయి నుంచి సన్నగా పడే నీటి ధార దగ్గర పెట్టండి. ధార దువ్వెన వైపు వంగుతుంది. (నూనె రాసిన తలతో అవ్వదు. మన అనకాపల్లి వైపు ఉక్కపోత రోజుల్లోనూ సరిగా అవ్వదు, గాలిలో తేమ ఉంటే ఛార్జ్ జారిపోతుంది. డిసెంబరు, జనవరి మధ్యాహ్నాలు మేలు.)

నీటికి విడిగా ఛార్జ్ ఏమీ ఇవ్వలేదు కదా, మరి ఎందుకు వంగింది? దువ్వెన మీద మైనస్ ఛార్జ్ ఉందనుకోండి. నీటిలోని ప్లస్ వైపులు దానివైపు తిరుగుతాయి, మైనస్ వైపులు అవతలికి పోతాయి. దగ్గరున్నది ప్లస్ కాబట్టి లాగుడే గెలుస్తుంది. దువ్వెనకి ప్లస్ ఛార్జ్ ఉన్నా లాగుడే! ఇలా లోపలి ఛార్జ్‌లు కొంచెం పక్కకు జరిగే పదార్థాలనే డైఎలక్ట్రిక్ అంటారు.

చదునైన ఉపరితలం దగ్గర దూరం సగమైతే బలం నాలుగింతలవుతుంది. పదార్థాన్ని బట్టి కూడా మారుతుంది. లోహపు రేకు లాగుడు 1 అనుకుంటే, నీటిది సుమారు 0.98, పొడి పాలిథిన్‌ది 0.4 లోపే. పచ్చటి ఆకు నిండా నీరే, పైగా వేరు నేలలో ఉంటుంది. అందుకే ఆకు దాదాపు లోహపు రేకులాగే లాగుతుంది. మల్చింగ్ షీటుకి అంత బలం లేదు.

స్ప్రేయర్‌లో జరిగేదీ ఇదే. బొట్టు చాలా సన్నగా ఉండాలి, అప్పుడే బరువు కంటే లాగుడు గెలుస్తుంది. ఆకు పక్కనుంచి పోతున్న బొట్టు కూడా వెనక్కి తిరిగి అడుగున అంటుకుంటుంది. తెల్లదోమ, పేనుబంక దాక్కునేది అక్కడే కదా!

కానీ ఈ లాగుడు బాగా దగ్గరకు వచ్చాకే గట్టిగా ఉంటుంది. గాలి వీస్తే అదే గెలుస్తుంది. బొట్లు ముందు కనిపించిన ఆకుకే అంటుకుంటాయి. చెరకు లాంటి గుబురు పైరులో లోపలి ఆకులకు తక్కువే చేరుతుంది. నీమాస్త్రంలో పేడ పీచు ఉంటుంది, సన్న నాజిల్ పూడిపోతుంది. గుడ్డలో రెండుసార్లు వడకట్టే ఓపిక లేకపోతే వద్దనే నా మాట. వంగ, బెండ పెంచే చిన్న మడికి మామూలు ట్యాంకు చాలు. నాజిల్ పైకి తిప్పి, ఆకు అడుగున కొట్టండి.

ఇంకోటి. ఎగిరే తేనెటీగ ఒంటి మీద సాధారణంగా ప్లస్ ఛార్జ్ ఉంటుంది, పువ్వు దగ్గరకు రాగానే పుప్పొడి దానిమీదకు ఎగురుతుంది. బంబుల్‌బీలు పువ్వు చుట్టూ ఉన్న విద్యుత్ క్షేత్రాన్ని గుర్తుపడతాయని 2013లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు. దోస, గుమ్మడి పూలు పొద్దున్నే విచ్చుతాయి. ఆ వేళ ఈగలను వాటి పని చేసుకోనివ్వండి, కషాయం సాయంత్రం కొట్టండి.